తొగలు గొంబె, తోలుబొమ్మ

మా పాప దగ్గర లావుపాటి నోటుపుస్తకం ఒకటి ఉంది. ఎడమవైపు పేజీలో బొమ్మ, కుడివైపు పేజీలో ఆ బొమ్మ గురించి తెలుగులో ఒకే ఒక్క వాక్యం. నాలుగేళ్ళుగా బెంగళూరు చిత్రకళా పరిషత్తులో మేం చూసిన ప్రదర్శనలన్నీ అందులో ఉన్నాయి. మొదటి పేజీలో గుర్రం. అక్కడి విద్యార్థి ఎవరో ఇనుపముక్కలు అతికించి చేసిన గుర్రం అది. పాపకప్పుడు ఆరేళ్ళు. పక్కన ఇలా రాసింది: "కుదుర్రం నిలబడింది." కన్నడంలో కుదురె, తెలుగులో గుర్రం, రెండూ కలిసి దాని నోట్లో కుదుర్రం అయ్యాయి. తలకట్లు కూడా కన్నడం వాటంగానే పడ్డాయి. దిద్దుదామని పెన్సిలు తీసుకుని, మళ్ళీ పక్కన పెట్టేశాను. ఆ పేజీ ఇప్పటికీ అలాగే ఉంది.

మాది ధర్మవరం. రైలెక్కితే ఒక పూట ప్రయాణం. అంత దగ్గర ఊరి నుంచి వచ్చినవాళ్ళం, మనకు ప్రవాసమేమిటి అనుకున్నాం వచ్చిన కొత్తలో. పిల్లలు మాటలు నేర్చాక తెలిసింది. వీధిలో ఆటలు కన్నడంలో, బడిలో చదువు ఇంగ్లీషులో. తెలుగు మేమిద్దరం మాట్లాడుకునేది, వాళ్ళు వినేది. పెద్దవాడు ఒకటో తరగతిలో ఉండగా వాళ్ళ టీచరు పిలిచి, "ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి, బాబు తికమక పడుతున్నాడు" అని చెప్పారు. చదువుకున్నావిడ చెప్పింది కదా అని నమ్మేశాం. దాదాపు ఏడాది పాటు సొంత బిడ్డతో పరాయి భాషలో మాట్లాడాను. "అన్నం తిను నాన్నా" అనాల్సిన చోట ఇంగ్లీషు ముక్క వెతుక్కునేదాన్ని. ఆ ఏడాది తలచుకుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. ఫోనులో వాడికీ మా అమ్మకీ మధ్య మాటలు "బాగుండావా, తిన్యావా" దగ్గర ఆగిపోయాయి. ఒకరోజు అమ్మ, "వానికి నాతో చెప్పేదానికి ఏమీ లేదా మ్మా?" అని అడిగింది. ఆ రాత్రి నుంచి ఇంట్లో మళ్ళీ తెలుగే.

కానీ దేని గురించి మాట్లాడాలి? రోజూ వాడే మాటలు యాభయ్యో అరవయ్యో. స్నానం, హోంవర్కు, పడుకో, లే. ఆ మాటలతో పెరిగిన తెలుగు అక్కడే ఉండిపోతుంది. అలాంటి సమయంలో ఒక ఆదివారం శివానంద సర్కిల్ దగ్గర పనుండి వెళ్ళి, ఎండ తప్పించుకోవడానికి కుమారకృపా రోడ్డులోని పరిషత్తులోకి అడుగుపెట్టాం.

1960లో మొదలైన సంస్థ అది. చిత్రకళ కాలేజీ, మ్యూజియం రెండూ దానివే. చెట్లకింద, బండరాళ్ళ మీద విద్యార్థులు స్కెచ్ పుస్తకాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంటారు. లోపల శాశ్వతంగా ఉండే గ్యాలరీలు కొన్ని. వారం పది రోజులకు ఒకసారి మారిపోయే ప్రదర్శనలు మరికొన్ని. ఈ మారిపోవడమే మాకు కలిసొచ్చింది. ఒక ఆదివారం అడవి జంతువుల ఫోటోలు, ఇంకో ఆదివారం ఎవరో పెద్దాయన యాభై ఏళ్ళ నీటిరంగుల చిత్రాలు, ఒకసారి మట్టికుండల పెంకులతో కట్టిన గోడ, ఇంకోసారి చేతిమగ్గం బట్టలు. ఒక ప్రదర్శనలో గది మొత్తం తెల్లగా ఉండి, మధ్యలో ఒకే ఒక్క చెప్పు. దాని ముందు పిల్లలు పావుగంట వాదులాడుకున్నారు. రెండో చెప్పు ఎక్కడికి పోయిందని. వాదన తెలుగులోనే జరిగింది, నేను మాత్రం నోరు తెరవలేదు.

బొమ్మల పక్కన చీటీలు కన్నడంలోనో ఇంగ్లీషులోనో ఉంటాయి. తెలుగు మాట కావాలంటే మేమే వెతుక్కోవాలి. రంగుల దగ్గర మాకు కొరత రాలేదు. మా నాన్న మగ్గం నేసినవాడు, మా ఇంట్లో రంగులకు చీరల పేర్లే. గచ్చకాయ రంగు, నేరేడుపండు రంగు, మెంతిరంగు, నెమలికంఠం. రష్యా చిత్రకారుడు నికొలాయ్ రోరిక్, ఆయన కొడుకు స్వెతొస్లావ్ గీసిన చిత్రాలకు పరిషత్తులో ప్రత్యేకంగా చోటుంది. తండ్రి గీసిన హిమాలయాల ముందు నిలబడి మావాడు "బ్లూ" అన్నాడు. ఏ బ్లూ రా కన్నా అన్నాను. కొండ మొదట్లో ఒకటి, నడుమ ఒకటి, మంచు దగ్గర ఒకటి. మొదట్లోది నెమలికంఠం, నడిమిది ఆకాశనీలం అని తేల్చుకున్నాం. పైదానికి మా ఇద్దరికీ పేరు దొరకలేదు. సాయంత్రం అమ్మకు ఫోను చేసి వాడే అడిగాడు. "చలువ చేసిన పంచె మాదిరి ఉందా?" అంది అమ్మ. నీలిమందు కలిపిన నీళ్ళలో ముంచి ఆరేసిన తెల్లపంచె. ఉంది, అచ్చం అలాగే ఉంది. ఆ రోజు వాళ్ళిద్దరూ ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నారు.

స్వెతొస్లావ్ రోరిక్ భార్య దేవికారాణి. 1908లో మన వాల్తేరులో పుట్టిన బెంగాలీ అమ్మాయి. హిందీ సినిమాల్లో పేరు తెచ్చుకుంది, దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు మొట్టమొదట అందుకున్నది ఆవిడే. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టిన చిత్రకారుణ్ణి 1945లో పెళ్ళాడి, చివరికి ఈ బెంగళూరు శివార్లలోని తాతగుణి తోటలో కాపురముంది. ఈ కథ చెబితే పాప వేసిన మొదటి ప్రశ్న: "మరి వాళ్ళు ఇంట్లో ఏ భాష మాట్లాడుకునేవాళ్ళు?" మా ఇంట్లో పుట్టిన పిల్లకే వస్తుంది ఆ ప్రశ్న.

అసలు సంగతి తోలుబొమ్మల దగ్గర జరిగింది. పరిషత్తును నిలబెట్టినవారిలో ముఖ్యుడైన ఎం.ఎస్. నంజుండరావు కర్ణాటక పల్లెల్లో తిరిగి తోలుబొమ్మల మీద పరిశోధన చేశారు. ఆ బొమ్మల సేకరణ అక్కడి మ్యూజియంలో ఉంది. చీటీ మీద కన్నడంలో "తొగలు గొంబె ఆట" అని ఉంది. పెద్దవాడు చదివి, కాసేపు ఆగి, "అమ్మా, తొగలు అంటే తోలు, గొంబె అంటే బొమ్మ. ఆట అంటే రెండింట్లోనూ ఆటే!" అన్నాడు. వాడి ముఖంలో ఆ వెలుగు నేను లెక్కల్లో నూటికి నూరు వచ్చిన రోజున కూడా చూడలేదు. అంతవరకూ రెండు భాషలూ వాడికి రెండు వేర్వేరు బరువులు.

మా ధర్మవరం పక్కనే నిమ్మలకుంట. తోలుబొమ్మలు చేసే కుటుంబాలున్న ఊరు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఈ సంగతి నా పిల్లలకు నేను ఎప్పుడూ చెప్పలేదు. సొంత ఊరి పక్కనున్నదాన్ని పరాయి ఊరి మ్యూజియంలో చూశాక గుర్తొచ్చింది, అదీ నాకున్న బాధ.

ఆ జనవరిలో చిత్రసంతెకు వెళ్ళాం. ఏటా ఒక ఆదివారం కుమారకృపా రోడ్డు మూసేసి, రోడ్డుకు రెండు పక్కలా చిత్రకారులు తమ బొమ్మలు పెట్టుకుని కూర్చుంటారు. అక్కడ ఒకాయన తోలుతో చేసిన దీపాలు అమ్ముతున్నాడు. ఎక్కడినుంచని అడిగితే నిమ్మలకుంట అన్నాడు. పాప చేతిలో చిన్న హనుమంతుణ్ణి పెట్టి, "ఎండకు ఎత్తి పట్టు పాపా" అన్నాడు. మేకతోలు శుభ్రం చేసి, సాగదీసి ఆరబెట్టి, వెలుతురు దాటేంత పలచన చేసి, రెండువైపులా రంగు వేస్తారు. నగలు గీసినవి కావు, చిన్న ఉలితో తొలిచిన చిల్లులు. ఎత్తి పట్టగానే హనుమంతుడి భుజకీర్తులు చుక్కలు చుక్కలుగా పాప గౌను మీద పడ్డాయి. అది కదిలితే అవీ కదిలాయి. బొమ్మను వదలడానికి దాని చెయ్యి రాలేదు.

ఆయన ఫోను మోగింది. మాట్లాడిన భాష తెలుగు కాదు, కన్నడం కాదు. "మరాఠీనా?" అన్నాడు మావాడు. "మా ఇంట్లో అదే నాయనా. మా పెద్దోళ్ళు ఎప్పుడో అట్నుంచి వచ్చినారంట. పాట మాత్రం తెలుగే." తెరవెనక వాళ్ళు పాడే రామాయణం గోన బుద్ధారెడ్డి ద్విపదలో చెప్పిన రంగనాథ రామాయణం. పదమూడో శతాబ్దపు తెలుగు. దాన్ని తరాలపాటు ఊరూరా తిప్పి రాత్రంతా పాడినవాళ్ళు పొయ్యి దగ్గర మరాఠీ మాట్లాడుకున్నారు. మా పిల్లవాడు మూడు భాషలతో తికమక పడతాడని భయపడి నేను ఒక ఏడాది పారేసుకున్నాను. ఆయన దగ్గర ఒక చిన్న దీపం కొన్నాం. పాప గదిలో వెలుగుతోంది.

ఈ ఉగాదికి అమ్మ వచ్చింది. మోకాళ్ళ నొప్పులతోనే పరిషత్తుకు బయలుదేరింది. తోలుబొమ్మల ముందు నిలబడి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "బంగారక్క యాడుంది? జుట్టుపోలిగాడు యాడ?" అని వెతికింది. రాముడూ రావణుడూ ఆమెకు ముఖ్యం కాదు. కథ మధ్యలో వచ్చి జనాన్ని కడుపుబ్బ నవ్వించి, నిద్రపోయేవాళ్ళను లేపే ఆ ఇద్దరే కావాలి. చిన్నప్పుడు ఊరి బయట తెల్లపంచె తెర కట్టి, వెనక ఆముదం దీపాలు పెట్టి ఆడిన ఆట చెప్పడం మొదలుపెట్టింది. చెబుతూ చెబుతూ బంగారక్క గొంతు పెట్టింది. పాప నోటుపుస్తకం తెరిచి గబగబా గీస్తోంది, వాక్యం కోసం అవ్వ నోటివంక చూస్తూ.

అక్కడి గార్డు దగ్గరికొచ్చాడు. గట్టిగా మాట్లాడొద్దంటాడేమో అనుకున్నాను. ఆయన కన్నడంలో, తమ ఊళ్ళోనూ ఇలాగే రాత్రంతా ఆడేవారని, వానలు రాకపోతే పిలిపించి ఆడించేవారని మొదలుపెట్టాడు. అమ్మ తెలుగులో, మా ఊళ్ళోనూ అంతే నాయనా అంది. ఆయన కన్నడంలో అడుగుతున్నాడు, అమ్మ తెలుగులో చెబుతోంది. అనువాదం చేద్దామని మావాడు ఇద్దరి మధ్యకూ వెళ్ళి నిలబడ్డాడు. వాళ్ళకు వాడి అవసరం రాలేదు.