డాబా మీద ఇద్దరి టెంటు

"ఏమ్మా, ఇంట్లో ఏదైనా ఫంక్షనా?" అని ఎదురింటి పిన్నిగారు బాల్కనీలోంచి కేకేశారు.

జూన్ చివరి వారం. సాయంత్రం ఆరు దాటింది. విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో మా నాన్న వాళ్ళ డాబా మీద బూడిద రంగు గుడ్డ ఒకటి గాలికి పొట్ట ఉబ్బించి, కూలబడి, మళ్ళీ లేస్తోంది. దాని చుట్టూ మా పదిహేనేళ్ళ చిన్ని, మా నాన్న, రెండు గులాబీ కుండీలు.

పిన్నిగారిని తప్పు పట్టలేను. మన దగ్గర ఇంటికి టెంటు వేశారంటే పెళ్ళన్నా అయ్యుండాలి, అడగకూడనిదన్నా అయ్యుండాలి. టెంటు అంటే టెంట్ హౌస్ వాడు వేసేది. దాంతోపాటు కుర్చీలు, గుండిగలు దిగుతాయి. ఇద్దరే పట్టే టెంటు, అదీ కిలోంపావు బరువుది, అందులో మనుషులు కావాలని వెళ్ళి పడుకుంటారని చెప్తే ఆవిడ కాసేపు ఆలోచించి, "అక్కడ ఇళ్ళ అద్దెలు అంత ఎక్కువా?" అన్నారు.

మేం ఉండేది సియాటెల్ పక్కన బోతెల్‌లో. అక్కడ మా తెలుగువాళ్ళ క్యాంపింగ్ ఎలా ఉంటుందంటే ఎనిమిదేసి మంది పట్టే టెంట్లు, పక్కనే కార్లు, రైస్ కుక్కరు, బిర్యానీ డేక్సా, పేకముక్కలు. చిన్ని పదేళ్ళొచ్చేదాకా అదే క్యాంపింగ్ అనుకుంది. తొమ్మిదో తరగతిలో స్కూలు అవుట్‌డోర్ క్లబ్బులో చేరాక, "అది క్యాంపింగ్ కాదమ్మా, మన కిచెన్ తీసుకెళ్ళి పార్కింగ్‌లో పెట్టడం" అని తేల్చేసింది. ఇప్పుడు అన్నీ వీపున వేసుకుని కొండల్లోకి, తీరం వెంబడి నడవాలట. బ్యాగు బరువు మనిషి బరువులో అయిదో వంతు దాటకూడదని వాళ్ళ లెక్క. ఈవిడ 48 కేజీలు. అంటే తొమ్మిదిన్నర కేజీల్లో తిండి, నీళ్ళు, పక్క, బట్టలు, ఇల్లు.

మొదటి టెంటు నేను కొన్నాను. డెబ్భై డాలర్లు. రెండు కేజీల నాలుగు వందల గ్రాములు. కడ్డీలు ఫైబర్‌గ్లాస్‌వి. వాన ఆపే పై గుడ్డ టోపీ పెట్టినట్టు నడినెత్తిన మాత్రమే ఉంది, పక్కలన్నీ జాలీ. మొదటి ట్రిప్పులోనే గాలికి ఒక కడ్డీ నిలువునా చీలింది, చీలిన మొన గుడ్డను కోసింది, ఆ కోతలోంచి వాన దిగింది. అల్యూమినియం కడ్డీ అయితే వంగుతుంది, వంగిన చోట చిన్న గొట్టం ముక్క తొడిగి టేపు చుడితే ఆ రాత్రికి గడిచిపోతుంది. ఫైబర్‌గ్లాస్ చీలితే పీచులు లేచి చేతులకు గుచ్చుకుంటాయి. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. చిన్ని ఇంటికొచ్చి ఏమీ అనలేదు, తడి బట్టలు మెషీన్‌లో వేసుకుని పైకి వెళ్ళిపోయింది. అరిచి ఉంటే బాగుండేది.

అందుకని రెండో టెంటు ఎంపిక దానికే వదిలేశాను. వదిలేశాను అన్నానే గానీ పక్కనే కూర్చున్నాను. అసలు పేచీ "ఇద్దరు" అన్న మాట దగ్గర వచ్చింది. ఈ కంపెనీల లెక్కలో ఇద్దరు పట్టే తేలికపాటి టెంటంటే కొన్నిట్లో తల వైపు వెడల్పు 132 సెంటీమీటర్లు, కాళ్ళ వైపుకి వచ్చేసరికి 107. కింద పరుచుకునే మామూలు పరుపు ఒక్కోటి 51. రెండు పరుపులు వేస్తే కాళ్ళ దగ్గర అయిదు సెంటీమీటర్లు మిగులుతుంది. ఇంకాస్త వెడల్పున్న పరుపు కొనుక్కున్నారో, ఇక ఇద్దరూ ఊపిరి కూడా వంతులేసుకుని పీల్చాలి. మన డబుల్ కాట్‌ కూడా అయిదడుగులుంటుంది, ఇది నాలుగడుగుల నాలుగంగుళాలు.

అయినా నా నోట్లోంచి, "సర్దుకుంటే ముగ్గురు పడతారులే" అని వచ్చేసింది. ఈ డాబా మీదే మే నెల రాత్రుళ్ళు అత్తయ్యల పిల్లలతో కలిపి పదకొండు మందిమి వరసగా పడుకున్నవాళ్ళం. చివరివాడు ఒత్తిగిలితే వరసంతా ఒత్తిగిలాలి. చిన్ని నా వైపు చూసి, "సర్దుకోడం కాదమ్మా. ఇద్దరంటే ఇద్దరే. ఒక్కొక్కళ్ళకి ఒక డోర్" అంది. రెండు వైపులా గుమ్మాలుండాలట, అర్ధరాత్రి లేవాల్సొస్తే పక్కవాళ్ళ మీంచి పాకక్కర్లేకుండా. నిజమే, ఆ ఒక్క విషయంలో రాజీ పడొద్దని నేనూ ఎవరడిగినా చెప్తున్నాను. అయితే ఆ రెండో గుమ్మం నాదని నేను అప్పటిదాకా ఎందుకనుకున్నానో తెలియదు. అది వాళ్ళ క్లాస్ అమ్మాయిది.

తర్వాత పేచీ దానంతటదే నిలబడే టెంటా, మేకులు కొడితే గానీ నిలబడనిదా అని. నేను మొదటి రకం కొందామన్నాను. ఇద్దరికి సరిపోయేవి, బాగా పేరున్నవి, కిలో నాలుగు వందల గ్రాముల దగ్గర ఉన్నాయి, ధర అయిదు వందల డాలర్లు దాటింది. చిన్ని రెండో రకం అంది. నడిచేటప్పుడు ఎలాగూ చేతిలో రెండు కర్రలుంటాయి, రాత్రికి అవే స్తంభాలు, వేరే కడ్డీలు మోయక్కర్లేదు. బరువూ తగ్గుతుంది, డబ్బూ తగ్గుతుంది. దాని మాటే నెగ్గింది. సెలవులకి విశాఖపట్నం వస్తూ సూట్‌కేసులో పడేసింది, ఆగస్టు ట్రిప్పుకి వెళ్ళే లోపు కళ్ళు మూసుకుని వేయగలిగేలా ప్రాక్టీసు చేయాలని.

సిమెంటు డాబా మీద మేకులు ఎక్కడ కొడతాం?

అక్కడే మా నాన్నకి హుషారొచ్చింది. ఆయన షిప్‌యార్డులో ముప్పయ్యేళ్ళు రిగ్గర్‌గా చేసి రిటైరైన మనిషి. తాళ్ళు, ముళ్ళు, గొలుసులు, బరువులెత్తడం తప్ప వేరే ప్రపంచం తెలియదు. రెండు మూలలకి గులాబీ కుండీలు, మూడో మూలకి నీళ్ళు నింపిన పెయింటు డబ్బా, నాలుగో మూలకి ఎప్పుడో మూలపడిన రుబ్బురోలు పొత్రం. చిన్ని కట్టిన ముడి చూసి, "ఏటమ్మా ఇది, షూ లేసా?" అని విప్పేసి, లాగితే బిగిసేలా, వెనక్కి తోస్తే వదులయ్యేలా మళ్ళీ కట్టి చూపించారు. అది ఫోన్లో వీడియో తీసుకుంది. తర్వాత ఆయన దాని చేత పదిసార్లు కట్టించారు, వీడియో చూడనివ్వకుండా.

"గాలెటుందో చూసి అటు వైపు పొట్టిగా ఉన్న కొస పెట్టాలి" అన్నారు. ఆయనకి గాలి విషయంలో ఎవరూ ఎదురు చెప్పరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు ఈ డాబా మీది ట్యాంకు మూత రెండు వీధులవతల దొరికింది.

అమ్మ మాత్రం గుడ్డ దగ్గరే ఆగిపోయింది. బొటనవేలికి, చూపుడువేలికి మధ్య రుద్ది, "జార్జెట్టు కంటే పల్చగా ఉందే, ఇది వానకాగుతుందా?" అంది. చిన్ని డెనియర్ అని మొదలుపెట్టింది. తొమ్మిది వేల మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. ఈ గుడ్డలో దారం ఇరవై, అంటే తొమ్మిది కిలోమీటర్ల దారం ఇరవై గ్రాములన్నమాట. అమ్మకి ఆ లెక్క చీరల కొట్లో ఎవరూ చెప్పనందుకు కోపమొచ్చింది. నీటి సంగతికి మిల్లీమీటర్ల లెక్క వేరే ఉంది: గుడ్డ మీద ఎంత ఎత్తు నీళ్ళు నిలబెడితే చెమ్మ కిందికి దిగుతుందో ఆ ఎత్తు. మేం తీసుకున్నది 1,500. గుడ్డ నైలాన్, తడిస్తే సాగి వదులవుతుంది. నవారు మంచం బిగించినట్టు మధ్యలో ఒకసారి లేచి తాళ్ళు బిగించుకోవాలి. పాలియెస్టర్‌కి ఆ బాధ తక్కువ. అది ముందే తెలిస్తే అదే కొనుండేవాళ్ళం.

మా తమ్ముడు ఇదంతా చూసి, తన కాలేజీ రోజుల టెంటు అటక మీద ఉందని దింపాడు. పన్నెండేళ్ళుగా అక్కడే ఉంది. మడత విప్పబోతే విడివడలేదు. లోపలి పూత కరిగి ఎండలో పెట్టిన జీళ్ళలా అంటుకుపోయింది, వాసన కూడా. సముద్రం పక్కన చెమ్మలో గట్టిగా చుట్టిపెడితే ఆ పాలియురెథేన్ పూత అలాగే విరిగిపోతుంది. ఆరబెట్టి, పొడి చోట, వదులు సంచిలో ఉంచాలి. "దీన్ని వంజంగి కొండ మీదికి తీసుకెళ్దామనుకున్నా" అని వాడు దిగులుపడ్డాడు.

రాత్రి భోజనాలయ్యాక ఎవరు పడుకోవాలన్న ప్రశ్న వచ్చింది. నేను నా దిండు తీసుకుని పైకి వెళ్ళేసరికి అమ్మ లోపల ఉంది. పగలంతా "ఇల్లుండగా బయటెందుకే, ఆడపిల్లని అడివిలో పడుకోబెడతావా" అని నన్ను సాధించిన మనిషి. ఉక్కపోతకి పై గుడ్డ తీసేశారు, జాలీ మాత్రమే ఉంది. అమ్మ జిప్పు పైకీ కిందికీ లాగుతూ, "ఇది దోమతెరేనే! పరుపు కింద దోపుకునే పని లేదు, కింద కూడా గుడ్డ ఉంది" అంటోంది. అరవై ఎనిమిదేళ్ళలో ఆవిడ చూసిన వాటిలో ఇంత బాగా ఆలోచించిన వస్తువు మరొకటి లేదన్నట్టు.

నేను బయట చాప వేసుకున్నాను. లోపల గుసగుసలు. చిన్ని తెలుగు సగం, అమ్మ ఇంగ్లిషు సున్నా. అయినా పదకొండు దాటేదాకా నవ్వులు వినిపించాయి. నా గురించే అనుకుంటాను.

ఒంటిగంటకి వాన. ముందు నాలుగు చినుకులు, తర్వాత బిందెతో పోసినట్టు. చిన్ని లేచి పై గుడ్డ కప్పి, నాలుగు మూలలూ బిగించింది, నిమిషంన్నర పట్టింది. ఆ మధ్యాహ్నం ఇరవై నిమిషాలు పట్టిన పనే. నేను చాప నెత్తిన పెట్టుకుని గుమ్మం దగ్గర వంగి, "కొంచెం జరగండి, నేనూ వస్తా" అన్నాను.

లోపల్నుంచి అమ్మ గొంతు: "చోటు లేదే. ఇది ఇద్దరిదేనట."

జీవితమంతా ముగ్గురి సీట్లో అయిదుగురిని కూర్చోబెట్టిన మనిషి! నేను మెట్ల గదిలోకి పరిగెత్తాను. అక్కడ నాన్న టార్చి పట్టుకుని నిలబడి టెంటునే చూస్తున్నారు. "కుండీ కదల్లేదు చూశావా" అన్నారు.

పావుగంట తర్వాత వాళ్ళే బయటికొచ్చారు. పై నుంచి చుక్క కారలేదు, కింద నుంచి వచ్చింది. అంచులు తొట్టిలా పైకి లేచి ఉన్నా, అడుగున మడుగు కట్టి, పడుకున్న మనిషి బరువుకి చెమ్మ పైకి ఊరింది. డాబా వాలు తూము వైపు ఉంటుంది, టెంటు సరిగ్గా ఆ దారిలో వేశారు. "అక్కడొద్దు, నీళ్ళు నిలుస్తాయి అని సాయంత్రమే చెప్పాను" అంది అమ్మ జుట్టు తుడుచుకుంటూ. చెప్పింది. ముప్పయ్యేళ్ళుగా అక్కడ వడియాలు పెడుతున్న మనిషి. చిన్ని తన నోట్‌బుక్‌లో రాసుకుంది, ముందు నేల చూడాలి, తర్వాతే టెంటు.

ఇంకో పరీక్ష ఇసుక మీద. ఆగస్టులో వెళ్ళేది సముద్రతీరానికే కాబట్టి, ఒక ఆదివారం తెల్లవారుజామున నాన్న మమ్మల్ని భీమిలి తీసుకెళ్ళారు. పొడి ఇసుకలో మేకు కొడితే వేలితో లాగినా వచ్చేస్తోంది. నాన్న అటు ఒడ్డుకి లాగిన పడవల వైపు చూపించి, "దీనికి లంగరు వెయ్యాలమ్మలూ" అన్నారు. చిన్న గుడ్డ సంచిలో ఇసుక నింపి, మూతి తాడుకి కట్టి, మోచెయ్యంత లోతు గొయ్యి తీసి పాతిపెట్టి, పైన తొక్కారు. చిన్ని రెండు చేతులతో లాగింది, రాలేదు. తర్వాత ఆయన అడిగారు, "మీ తీరంలో పోటు ఎన్నింటికొస్తుంది? ఎక్కడిదాకా వస్తుంది?" చిన్ని ఫోన్లో ఆటుపోట్ల పట్టిక తీసి చూపించింది. పాత దుంగలు వరసగా కొట్టుకొచ్చి ఆగిన గీతకి పైన వేసుకోవాలని వాళ్ళ క్లబ్బులో చెప్పారంది. తాతా మనవరాలూ అరగంట ఆ పట్టిక మీద కూర్చున్నారు. నేను మురీ మిక్స్చర్ బండి ఇంత పొద్దున్నే ఉంటుందేమో చూసొచ్చాను. లేదు.

అమ్మ పాత జాకెట్టు గుడ్డలతో నాలుగు సంచులు కుట్టింది. ఒకటి చిలకపచ్చ, రెండు ఎరుపు, ఒకటి పూలది.

ఆగస్టు రెండో వారం, బోతెల్. ఒలింపిక్ నేషనల్ పార్క్ తీరం, రెండు రాత్రులు. అక్కడ రకూన్లు, ఎలుగుబంట్లు ఉంటాయి కాబట్టి తిండంతా గట్టి డబ్బాలో పెట్టాలని రూలు, ఆ ఖాళీ డబ్బాయే కిలో పైన. అందులో సగం అమ్మ పోపు వేయించి ఇచ్చిన ఉప్మా రవ్వ, వేడినీళ్ళు పోస్తే చాలు. టెంటు రెండు వాటాలైంది, లోపలి జాలీ ఆ అమ్మాయికి, పై గుడ్డా మేకులూ చిన్నికి. ఆవకాయ జాడీలున్న సూట్‌కేసులు 23 కేజీలు దాటకుండా తూచే కొక్కెం కాటా ఉంటుంది కదా మన అందరిళ్ళలో, దానికి బ్యాగు తగిలించింది. తొమ్మిది కేజీల ఎనిమిది వందలు. ఎక్కువైంది.

టూత్‌బ్రష్ పిడి విరిచేసింది. నేను పెట్టిన రెండో స్వెట్టర్ తీసేసింది. నా మొహం చూసి, "అమ్మా, ఒకటి చాలు" అంది. తర్వాత ఆ నాలుగు సంచుల్నీ తెచ్చి వంటింటి కాటా మీద పెట్టింది. 44 గ్రాములు.

"అక్కడ ఒడ్డంతా దుంగలే కదా, తాడు వాటికి కట్టేయొచ్చు, ఇవెందుకు?" అన్నాను.

మడిచి బ్యాగు పై జేబులో పెట్టుకుంటూ, "తాతకి ఫొటో పంపాలి" అంది.