దేవుని పని ముందే, కానీ మంచం మీద ఉన్నవాళ్ళని ఆ మాటతో కొట్టకండి

టీబీ మందుల కోర్సు అయిపోయింది, ఆఖరి కఫం టెస్ట్ నెగిటివ్ వచ్చింది, డాక్టరు గారు ఇంక మందులు ఆపేయమ్మా అన్నారు. భయం తగ్గింది కాబట్టి ఇప్పుడు రాయగలుగుతున్నా, అప్పుడే రాసుంటే ఏడుపు తప్ప ఇంకేం ఉండేది కాదు.

నేను సంఘంలో సండే స్కూల్ చెప్తాను, ఇంకొంతమందితో కలిసి ఆసుపత్రి వార్డుల్లో పేషెంట్ల దగ్గరికి వెళ్ళి ప్రార్థన చేస్తాను. చాలా ఏళ్ళుగా చేస్తున్న పనే. సెలవు రోజు కాసేపు ఎక్కువ పడుకోవాలని ఉంటుంది, ఇల్లు బాగు చేయించుకోవాలని ఉంటుంది, అవన్నీ పక్కన పెట్టి వెళ్ళడం నాకెప్పుడూ నష్టమనిపించలేదు, ఇప్పటికీ అనిపించట్లేదు. మత్తయి 6:33లో ముందు ఆయన రాజ్యాన్ని వెదకమన్న మాటని మనసారా నమ్ముతాను. ఇది ముందే ఎందుకు చెప్తున్నానంటే, కింద రాసింది చదివి ఈమె జబ్బు చేసి చల్లారిపోయింది అని ఎవరూ అనుకోకూడదు.

తగ్గని దగ్గు, సాయంత్రం అయ్యేసరికి జ్వరం, రాత్రి చెమటలు, ఎక్స్‌రే, కఫం టెస్ట్, ఇవన్నీ టీబీ వచ్చిన అందరికీ జరిగేవే. మొదటి 2 నెలలు 4 రకాల మందులు, ఆ తర్వాత 4 నెలలు తక్కువ మందులు. రిఫాంపిసిన్ వల్ల మూత్రం నారింజ రంగులో వస్తుందని ముందే చెప్పారు కాబట్టి కంగారు పడలేదు. డాక్టరు గారు ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పారు, మందులు మొదలెట్టి కనీసం రెండు వారాలు అయ్యేదాకా, మళ్ళీ మేం చూసి సరే అనేదాకా, జనంలోకి వెళ్ళొద్దు, ముఖ్యంగా చిన్నపిల్లల దగ్గరికి, ముసలివాళ్ళ దగ్గరికి అస్సలు వద్దు అని.

సరిగ్గా ఆ రోజుల్లోనే సంఘ పెద్ద ఒకాయన ఫోన్ చేశారు. "ఏంటమ్మా, పిల్లల ప్రోగ్రాం దగ్గర పడుతుంటే ఇంట్లో రెస్ట్ తీసుకుంటున్నావంట, దేవుని పని కంటే ఒళ్ళు ఎక్కువైపోయిందా? హగ్గయి ఒకటో అధ్యాయం చదువుకో" అన్నారు. ఎలా ఉన్నావమ్మా అని ఒక్క మాట లేదు. నేను టీబీ అండీ అని చెప్పేలోపే ప్రార్థన చేస్తాంలే అని పెట్టేశారు.

చదువుకోమన్నారు కదా, చదివాను, మంచం మీద ఇంకేం పని. హగ్గయి ప్రవక్త మాట్లాడింది క్రీస్తుపూర్వం 520లో, పారసీక రాజు దర్యావేషు ఏలుబడిలో రెండో ఏడు. బబులోను చెర నుంచి తిరిగొచ్చిన యూదా జనం యెరూషలేములో మందిరానికి పునాది వేసి, పని ఆపేసి, ఏళ్ళకేళ్ళు అలాగే వదిలేశారు. కట్టడానికి ఇంకా టైం రాలేదు అనేవాళ్ళు, వాళ్ళు మాత్రం సరంబీ వేసిన, అంటే చెక్క పలకలు పరిచిన ఇళ్ళలో హాయిగా ఉన్నారు. దేవుడు కోప్పడింది వాళ్ళని. జ్వరంతో దుప్పటి కప్పుకుని వణుకుతున్నవాళ్ళని కాదు. ఆ అధ్యాయం నాకు చాలా ఇష్టం, పిల్లలకి కూడా చెప్పాను, అలాంటి మాటని నా మీదకి విసిరేసరికి ఎంత బాధేసిందో చెప్పలేను.

ఇంకొకరు డేవిడ్ బ్రెయినార్డ్ గురించి మెసేజ్ పెట్టారు, ఆయన రక్తం కక్కుతూ కూడా సువార్త చెప్పాడు అని. నిజమే, గొప్ప మిషనరీ, ఇదే జబ్బుతో 1747లో 29 ఏళ్ళకే చనిపోయాడు. కానీ టీబీ క్రిమిని రాబర్ట్ కోచ్ అనే జర్మన్ డాక్టరు కనిపెట్టింది 1882లో, దాని మీద పనిచేసిన మొదటి మందు స్ట్రెప్టోమైసిన్ వచ్చింది 1940లలో. బ్రెయినార్డ్‌కి మందు లేదు, నాకు ఉంది. దేవుడు ఈ కాలంలో దయచేసిన మందుని పక్కన పెట్టి నేను పిల్లల మధ్య కూర్చుని దగ్గితే అది త్యాగం ఎలా అవుతుంది? ఆ రెండు వారాలు గదిలో తలుపేసుకుని ఉండటమే అప్పుడు నాకు దేవుడిచ్చిన పని.

ఆ ఫోన్ వచ్చిన కొద్ది రోజులకే ఒక రాత్రి దగ్గు ఆగలేదు. నోట్లో ఉప్పగా వెచ్చగా తగిలింది, చూస్తే రక్తం, చార కాదు, గుక్కెడు. ఆసుపత్రికి వెళ్ళేసరికి ఇంకో రెండుసార్లు పడింది. నా కుడి ఊపిరితిత్తిలో ఉంది జబ్బు, నర్సమ్మ నన్ను కుడివైపుకే తిప్పి పడుకోబెట్టి కదలొద్దు అంది, రక్తం మంచి ఊపిరితిత్తిలోకి పోకుండా అంట. మా ఆయన మందుల కోసం కిందకీ పైకీ తిరుగుతున్నారు, పిల్లలు ఇంట్లో ఉన్నారు. నేను ఆ ఒక్క పక్కనే పడుకుని గోడ మీద పెచ్చు ఊడిన చోటునే చూస్తూ, ప్రభువా ఇప్పుడు కాదు, పిల్లలు చిన్నవాళ్ళు అనుకుంటూ ఉన్నా. నిజం చెప్పాలంటే ఆ టైంలో ఒక్క వాక్యం కూడా పూర్తిగా గుర్తురాలేదు, ఆ పెద్దాయన గొంతే చెవిలో మోగుతోంది, ఒళ్ళు ఎక్కువైపోయిందా, ఒళ్ళు ఎక్కువైపోయిందా అని. చచ్చిపోతానేమో అన్న రాత్రి మనిషికి వినిపించాల్సిన మాటేనా అది?

అప్పుడొచ్చింది అక్క. సంఘంలో ఎవరూ పెద్దగా పట్టించుకోని మనిషి, స్టేజీ ఎక్కదు, మైకు పట్టదు, కూడిక అయ్యాక కుర్చీలు సర్దుతుంది అంతే. పొద్దున్నే పనికి వెళ్ళాలి తనకి. నర్సమ్మ ఇచ్చిన ఎన్95 మాస్కు పెట్టుకుని, స్టూలు నా వెనక వేసుకుని, తెల్లారేదాకా ఒక చెయ్యి నా భుజం మీద పెట్టి ఉంచింది, రెండో చేత్తో బేసిన్ పట్టుకుంది. గట్టిగా ప్రార్థన కూడా చేయలేదు. "పడుకో చెల్లీ, నేనున్నా" అంది, మళ్ళీ మళ్ళీ అదే మాట. తెల్లవారుజామున రక్తం ఆగింది. ఆమె అటునుంచి అటే పనికి వెళ్ళిపోయింది. సొంత సుఖం కంటే దేవుని పని ముందు పెట్టడం అంటే ఏంటో నాకు ఏ ప్రసంగంలోనూ ఇంత దగ్గరగా కనపడలేదు.

ఫిలిప్పీ పత్రిక రెండో అధ్యాయంలో ఎపఫ్రొదితు ఉన్నాడు చూడండి, క్రీస్తు పని కోసం చావుకి దగ్గరగా వెళ్ళొచ్చాడు. పౌలు అతన్ని ఏమన్నాడు? పని సగంలో వదిలేశావు అన్నాడా? ఇంటికి పంపించాడు, అలాంటివాళ్ళని ఘనపరచండి అని సంఘానికి రాశాడు. తనతో తిరిగిన త్రోఫిము జబ్బుగా ఉంటే పౌలు అతన్ని మిలేతు ఊళ్ళో వదిలి వెళ్ళాడు, ఒక్క నింద వేయలేదు. ఏలీయా ప్రవక్త చచ్చిపోతే బాగుండు అని పడుకుంటే దేవుడు ముందు నిద్రపోనిచ్చాడు, రొట్టె పెట్టాడు, మళ్ళీ నిద్రపోనిచ్చాడు, పని తర్వాత చెప్పాడు.

బంధువులది ఇంకో గోల, దేవుడు దేవుడు అని ఆసుపత్రుల చుట్టూ తిరిగి తెచ్చుకుంది, ఇకనైనా మానేయమను అని మా ఆయనకి చెప్పారట. టీబీ గాల్లోంచి వస్తుంది, బస్సులోనైనా అంటుకోవచ్చు, ఎక్కడ అంటుకుందో ఎవరికి తెలుసు. మా ఆయన మాత్రం "తను మానదు, నేను అడగను" అన్నారు. ఆ ఒక్క మాటకి ఆయనకి జీవితాంతం రుణపడి ఉంటా.

దగ్గు రెండు వారాలు దాటితే కఫం టెస్ట్ చేయించుకోండి, ప్రార్థన కూడా చేయించుకోండి, ఒకటి చేస్తే రెండోది వద్దని ఎవరైనా అంటే వినకండి. కాస్త బాగుందని మందులు మధ్యలో ఆపొద్దు, మొండి టీబీగా మారొచ్చు. సంఘ పెద్దలకి నా మనవి, ఆదివారం రాని మనిషికి ఫోన్ చేస్తే ముందు ఎలా ఉన్నావని అడగండి, పని సంగతి తర్వాత. ఆ పెద్దాయన మీద కోపం ఇంకా పూర్తిగా పోలేదు, ఆయన కోసం ప్రార్థన చేస్తున్నా, కొన్ని రోజులు పెదాలతోనే చేస్తున్నా.

డాక్టరు గారిని అడిగి వచ్చే వారం నుంచి వార్డులకి మళ్ళీ వెళ్తున్నా. అక్కని కూడా రమ్మన్నాం, కుర్చీలు ఎవరు సర్దుతారు అంది, మిగతావాళ్ళం సర్దుతాం అని చెప్పాం.