కొలత డబ్బా, పిడికెడు బియ్యం

అనంతపురం జిల్లా గుత్తి దగ్గర మా ఊళ్లో, 1980ల మధ్యలో, విత్తనానికి శనక్కాయలు ఒలిచే పని ఆడవాళ్లకు ఎండాకాలమంతా ఉండేది. మిషన్‌లో ఆడిస్తే గింజ చితికి మొలక చెడిపోతుందని, విత్తనానికి చేత్తో ఒలిచిన కాయలే కావాలని రైతులు పట్టుబట్టేవారు. అందువల్ల తొలకరి పడేదాకా పెద్ద రైతుల పంచల్లో ఇరవై ముప్పై మంది ఆడవాళ్లు కూర్చుని ఒలుస్తూ ఉండేవారు. సాయంత్రం ఒలిచిన గింజలను డబ్బాతో కొలిచి, డబ్బాకు ఇంత అని కూలి లెక్క కట్టేవారు. రోజంతా ఒలిచి వచ్చిన మా అమ్మకు బొటనవేలి గోరు పక్కన చర్మం చీలి ఉండేది. రాత్రి సంగటి ముద్దను పులుసులో అద్దేటప్పుడు ఆ చీలికలో కారం తగిలి చెయ్యి గబుక్కున వెనక్కి తీసుకునేది, ఒక్క క్షణం ఆగి మళ్లీ అద్దుకునేది.

ఆమె ఎక్కువగా పనికి పోయిన పంచలో డబ్బా అడుగు బయటికి ఉబ్బి ఉండేది. పైనుంచి చూస్తే అది మామూలు డబ్బాయే. నేల మీద పెడితే మాత్రం నిలవక అటూ ఇటూ ఊగేది, అందుకే ఆ రైతు దాన్ని ఎప్పుడూ గింజల రాశిలో గుచ్చి ఉంచేవాడు. లోపలి నుంచి కొట్టి అడుగును సాగదీశారని అక్కడ కూర్చున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. డబ్బాకు ఒక పిడికెడు గింజలు ఎక్కువ పట్టేవి. ఒక్క డబ్బాలో అది కనబడని నష్టమే గాని, ఎండాకాలమంతా ఇరవై ముప్పై మంది చేతుల మీదుగా పోయిన పిడికెళ్లను కలిపి చూస్తే ఎన్ని పూటల తిండి అవుతుందో లెక్క వేయడం నాకు ఆ వయసులోనే అలవాటయింది.

అదే అమ్మ ఇంటికి వచ్చి, కిలో రెండు రూపాయల బియ్యం చేటలో పోసి రాళ్లు ఏరి, ఎసట్లో వేసే ముందు ఒక పిడికెడు తీసి పొయ్యి పక్కనున్న రేకు డబ్బాలో వేసేది. అది దేవుని భాగం. మా క్రైస్తవ సంఘంలో దాదాపు ప్రతి ఇంట్లోనూ అలాంటి డబ్బా ఒకటి ఉండేది. కోత పండుగ నాడు ఆ బియ్యాన్ని, వాటితోపాటు గుమ్మడికాయలు, కోడిగుడ్లు, శనక్కాయల మూటలు, ఒక్కోసారి కాళ్లు కట్టిన కోడిపుంజును తెచ్చి బల్ల ముందు పెట్టేవారు. ఆరాధన ముగిశాక గుడి ముంగిట వేలం పాడేవారు. తాను తెచ్చిన గుమ్మడికాయను తానే పాడుకుని ఇంటికి తీసుకుపోయిన ముసలమ్మ ముఖంలోని సంతోషాన్ని నేను మరచిపోలేదు.

ఒక పిడికెడు అన్యాయంగా పోతోందని తెలిసి, తన చేతిలో మిగిలిన దానిలోంచి మరో పిడికెడు సంతోషంగా తీసి ఇవ్వడం ఎలా సాధ్యమైందో నాకు చాలా ఏళ్లు అర్థం కాలేదు. పన్నెండేళ్ల వయసులో నాకు అది అమాయకత్వంగా కనబడింది. కాలేజీ రోజుల్లో, పేదవాళ్ల నోరు మూయించడానికి కృతజ్ఞత అనే మాటను వాడుకుంటారని కూడా వాదించాను. ఆ వాదన పూర్తిగా తప్పని ఇప్పటికీ అనను. అన్యాయం జరిగిన చోట "దేవునికి స్తోత్రం చెప్పుకుని సర్దుకుపో" అని సలహా ఇచ్చే క్రైస్తవులను నేను చూశాను, ఆ సలహా వినడానికి భక్తిగా ఉన్నా బైబిలు నేర్పిన భక్తి మాత్రం కాదని నమ్ముతున్నాను.

మీకా గ్రంథం 6వ అధ్యాయం 8వ వచనం మన ఇళ్లలో గోడ క్యాలెండర్ల మీద తరచుగా కనబడుతుంది. న్యాయముగా నడుచుకొనుట, కనికరమును ప్రేమించుట, దీనమనస్సు కలిగి దేవుని యెదుట ప్రవర్తించుట, ఇంతేగదా యెహోవా నిన్నడుగుచున్నాడని ఆ ప్రవక్త అంటాడు. అక్కడ చదవడం ఆపకుండా రెండు వచనాలు ముందుకు వెళితే, 10, 11 వచనాల్లో, అదే ప్రవక్త తక్కువ కొలతల గురించి, దొంగ త్రాసుల గురించి, సంచిలో దాచిన తప్పుడు రాళ్ల గురించి మాట్లాడుతున్నాడు. అంటే న్యాయమనే ఆ గొప్ప మాటకు ప్రవక్త వెంటనే చూపిన చోటు అంగడి, కల్లం, కొలత డబ్బా. క్యాలెండరు మీద 8వ వచనం ఒక్కటే ఉంటుంది గాని, అమ్మకు కావలసినది 10వ వచనం కూడా. "దొంగత్రాసు యెహోవాకు హేయము" అన్న సామెతల గ్రంథపు మాట ఆమెకు కంఠస్థం. చదువు రాని ఆమె ఆదివారం బడిలో విని నేర్చుకున్నది అది. దేవుడు మంచివాడని ఆమె అన్నప్పుడు, ఆ మంచితనంలో తన పిడికెడు గింజల లెక్క కూడా ఉందనే అర్థంతో అన్నదని ఇప్పుడు నాకు తెలుస్తోంది.

ఆమె ఊరక కూర్చోలేదు. ఒక వేసవిలో ఇంటి నుంచి ముద్ర వేసిన సరైన కొలత డబ్బాను కొంగు కింద పెట్టుకుపోయి, సాయంత్రం కొలిచే వేళ అందరి ముందూ బయటికి తీసింది. "సామీ, మీ డబ్బాకూ దీనికీ పిడికెడు తేడా ఉండాది, ఒకసారి మీరే కొలిచి చూడండి" అని మాత్రం అన్నదట. గొంతు పెంచలేదని, చేతులు మాత్రం వణికాయని ఆ రోజు పక్కన కూర్చున్న మా అత్త తరువాత చెప్పింది. ఆ రైతు కొలిచి చూడలేదు. ఇష్టముంటే రండి, లేకపోతే మానండి అని లోపలికి వెళ్లిపోయాడు. రెండు వారాలు అమ్మకు ఆ పంచలో పని దొరకలేదు, ఆయన మాట విని మరో ఇద్దరు రైతులు కూడా పిలవలేదు. ఆ రెండు వారాలూ ఇంట్లో ఒక పూటే పొయ్యి వెలిగింది. ఆ ఒక్క పూటా పిడికెడు బియ్యం డబ్బాలో పడుతూనే ఉంది, కాకపోతే పిడికిలి కొంచెం చిన్నదైంది. అది నేను చూశాను. మూడో వారంలో కబురు వచ్చింది, వెళితే రాశి పక్కన కొత్త డబ్బా ఉంది. ఎవరూ దాని గురించి ఒక్క మాటా మాట్లాడలేదు.

ఆ రాత్రి ప్రార్థనలో అమ్మ ఆ రైతు పేరు పెట్టి, ఆయనకూ ఆయన పిల్లలకూ మేలు చేయమని అడిగింది. నేను కళ్లు తెరిచి చూశాను. ఆమెన్ అన్నాక, ఎందుకని గట్టిగా అడిగాను. "మనం అడిగింది కూలి, నాయనా. కచ్చ కాదు" అని చెప్పి చాప పరిచింది.

మత్తయి సువార్త 20వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన ద్రాక్షతోట కూలివాళ్ల ఉపమానం ఎక్కువగా పరలోకం గురించిన ప్రసంగాల్లో వినబడుతుంది. దాన్ని పొద్దున ఆరు గంటలకు అనంతపురంలో కూలీల అడ్డా దగ్గర నిలబడి చదవాలని నా కోరిక. గంప, పార, సద్ది క్యారియర్ పట్టుకుని నిలబడినవాళ్లలో బలంగా ఉన్నవాళ్లను మేస్త్రీ ముందు తీసుకుపోతాడు. తొమ్మిది గంటలు దాటాక అక్కడ మిగిలేది వయసు మళ్లినవాళ్లు, బక్కచిక్కినవాళ్లు, చంకలో బిడ్డ ఉన్న ఆడవాళ్లు. ఉపమానంలో సాయంత్రం అయిదు గంటలకు తోట యజమానుడు మళ్లీ వచ్చి, రోజంతా ఇక్కడ ఊరకే ఎందుకు నిలిచి ఉన్నారని అడిగితే, ఎవరూ మమ్మల్ని కూలికి పెట్టుకోలేదని వాళ్లు జవాబిస్తారు. సోమరితనం వల్ల నిలబడినవాళ్లు కారు, ఎవరికీ అక్కరలేక మిగిలిపోయినవాళ్లు. పొద్దుటి నుంచీ పని చేసినవాళ్లకు ఇచ్చినట్టే వాళ్లకూ యజమానుడు ఒక దేనారము ఇచ్చాడు. అది ఆ కాలంలో ఒక దినపు కూలి. ఇంటికి ఆ రాత్రి కావలసిన తిండి గంటల లెక్కన తగ్గదు కదా.

పొద్దున వచ్చినవాళ్లకు కోపం రావడం సహజమే. అయితే యజమానుడు వాళ్లకు ఒప్పుకున్న దేనారములో ఒక్క పైసా కూడా తగ్గించలేదని గమనించాలి. అక్కడ కనికరము న్యాయాన్ని కోసి తీసుకున్నది కాదు, న్యాయంగా ఇవ్వవలసినదంతా ఇచ్చిన తరువాత ఆయన తన సొంత సంచిలోంచి తీసినది. మనుషుల మధ్య మనం చూసే దయ తరచుగా ఇంకొకరి కూలిలోంచి వస్తుంది. డబ్బా అడుగు సాగదీసినవాడు పండుగనాడు పది మందికి అన్నం పెట్టవచ్చు, దాన్ని ఊరు దానమని పొగడవచ్చు. దేవుని దయ అలాంటిది కాదన్నదే ఆయన మీద నా నమ్మకానికి మొదటి మెట్టు. ఇక రెండో మెట్టు నేరుగా నాకే తగులుతుంది, ఎందుకంటే నా జీవితంలో చాలా విషయాల్లో నేను అయిదు గంటలకు వచ్చినవాణ్ణే. చదువు, ఉద్యోగం, సొంత ఇల్లు, ఇవేవీ నేను పొద్దుటి నుంచీ ఎండలో చేసిన పనికి వచ్చిన కూలి కావు. వాటి వెనుక ఎండలో ఉన్నది అమ్మ. కొలతకు మించి పొందినవాణ్ణి గనుక, కొలత గురించి మాట్లాడేటప్పుడు నా గొంతు ఎంతవరకు పెరగాలో నాకు తెలిసి ఉండాలి.

మా జిల్లాలో దేవుని మంచితనం గురించి మాట్లాడేవాళ్లు వాన గురించి మాట్లాడకుండా తప్పించుకోలేరు. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డగిస్తాయి, ఈశాన్య రుతుపవనాలు కోస్తా దాటి మా దాకా వచ్చేసరికి అలసిపోతాయి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మా వాటా, అది కూడా అదునుకు పడదు. విత్తనం పడ్డాక, శనక్కాయ చెట్టు ఊడలు భూమిలోకి దిగే వేళకు సరిగ్గా నెల రోజులు వాన ముఖం చాటేస్తే, పైన ఆకు పచ్చగా కనబడుతున్నా కింద కాయ ఉండదు. అలాంటి ఒక ఏడాది కోత పండుగ నాడు మా సంఘ కాపరి అయ్యగారు బైబిల్లోని హబక్కూకు గ్రంథం 3వ అధ్యాయం చదివారు. అంజూరపు చెట్లు పూయకపోయినా, చేనిలోని పైరు పంటకు రాకపోయినా, గొర్రెలు దొడ్డిలో లేకపోయినా నేను యెహోవాయందు ఆనందించెదనని ఆయన చదువుతుంటే, ఆ వారమే గొర్రెలను గుత్తి సంతలో అమ్ముకుని వచ్చిన ఒక పెద్దాయన బెంచీ మీద తల వంచి ఏడ్చాడు. అయ్యగారు ప్రసంగం చేయకుండా కూర్చుని, ఆయన ఏడుపు తీరేదాకా అందరినీ నిశ్శబ్దంగా ఉంచారు. నేను ఇంతవరకు విన్న ప్రసంగాలన్నిటిలో అదే గొప్పదని ఇప్పటికీ అనుకుంటాను.

ఆ కరువు ఏళ్లలో ఆ రైతు బోర్లు కూడా ఎండిపోయాయి. ఒకటి తరువాత ఒకటి వేయించి, అప్పులై, సగం పొలం అమ్ముకున్నాడు. డబ్బా పాపం తగిలిందని ఊళ్లో కొందరన్నారు, నేనూ మనసులో అనుకున్నాను. కాని అదే కరువులో మా అత్త వాళ్ల రెండెకరాలూ బీడుపడ్డాయి, ఆమె ఎవరి కొలతా తగ్గించలేదు. యెరూషలేములో సిలోయము అనే చోట గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు, వాళ్లు మిగతావారి కంటే ఎక్కువ పాపులని అనుకుంటున్నారా అని ప్రభువే అడిగాడు, కాదని తానే జవాబు కూడా చెప్పాడు. 2009 అక్టోబరు 2న కర్నూలు పట్టణం మీదికి తుంగభద్ర, హంద్రీ నీళ్లు వచ్చినప్పుడు నేను అక్కడ ఉద్యోగంలో ఉన్నాను. మేము మిద్దె మీదికి ఎక్కి బతికాము. తరువాతి నెల ఒక కూడికలో నేను లేచి, దేవుడు మమ్మల్ని కాపాడాడని సాక్ష్యం చెప్పి కూర్చునేసరికి, వెనుక వరుసలో ఇల్లూ సామానూ అంతా పోగొట్టుకున్న కుటుంబం కనబడింది. చెప్పిన మాట అబద్ధం కాదు, దానికి ఈ రోజుకూ స్తోత్రం చెబుతాను. అయినా నా స్తోత్రం వాళ్ల దుఃఖాన్ని తొక్కుకుంటూ పోకూడదని ఆ రోజు నుంచి జాగ్రత్త పడుతున్నాను. ఎవరి మీదికి నీళ్లు ఎందుకు వచ్చాయో తీర్పు చెప్పే అధికారం నాకు ఇవ్వబడలేదు. న్యాయం దేవునిదని నమ్మడమంటే, ఆ త్రాసును నా చేతిలోకి తీసుకోకుండా ఉండడం కూడా.

136వ కీర్తనలో 26 వచనాలున్నాయి, ప్రతి వచనం చివరా ఆయన కృప నిరంతరముండుననే మాటే వస్తుంది. సూర్యచంద్రుల గురించి, ఎర్రసముద్రం గురించి, ఓడిపోయిన రాజుల గురించి పెద్ద పెద్ద మాటలు చెప్పి, చివరికి 25వ వచనంలో సమస్త జీవులకు ఆయన ఆహారమిచ్చుచున్నాడని అంటుంది. అమ్మ పెద్దవాళ్లతో కలిసి ఆ కీర్తన చెప్పేటప్పుడు ఆ వచనం దగ్గర ఆమె గొంతు మిగతావాళ్ల కంటే కొంచెం గట్టిగా వినబడేది.

మూడేళ్ల క్రితం ఆమె ప్రభువునందు నిద్రించింది. సమాధి దగ్గర అందరూ తలా పిడికెడు మన్ను వేస్తున్నప్పుడు, జనం వెనుక చేతికర్ర పట్టుకుని ఆ రైతు నిలబడి ఉన్నాడు. వయసు ఎనభై దాటి ఉంటుంది. జనం దారి ఇచ్చారు. ఆయన వంగలేకపోతే మా తమ్ముడు మన్ను తీసి ఆయన చేతిలో పెట్టాడు. అంతా అయిపోయి వెళుతున్నప్పుడు ఆయన నా దగ్గర ఆగి, "మీ అమ్మ దినామూ నా పేరు పెట్టి ప్రార్థన చేసేదంట కదప్పా" అన్నాడు. అవునన్నాను. కాసేపు కర్ర వైపు చూస్తూ నిలబడి, "ఇంగ ఎవరు చేస్తారు?" అని అడిగాడు.

ఆ రోజు నేను జవాబు చెప్పలేదు. రాత్రి ప్రార్థనకు కూర్చున్నప్పుడు ఆయన పేరు నోటిదాకా వచ్చి ఆగిపోయింది, చాలా వారాలు అలాగే ఆగిపోయింది. ఇప్పుడు చెబుతున్నాను. పొయ్యి పక్కన అమ్మ డబ్బా అలాగే ఉంది, ఈ నెల కోత పండుగకు అది నిండేలా ఉంది.