పెన్నా గట్టున ఏంజెల్ డస్ట్

1992లో ఫెయిత్ నో మోర్ బ్యాండు ‘ఏంజెల్ డస్ట్’ ఆల్బమ్ తెచ్చినప్పుడు అట్ట ముందువైపు లేత నీలి వెలుగులో ఒక పెద్ద తెల్లకొంగను వేసుకున్నారు. అట్ట తిప్పితే వెనకాల కొక్కేనికి వేలాడదీసిన ఆవు. అందమూ జుగుప్సా వీపులు ఆనించుకుని నిలబడ్డ అట్ట అది. లోపలి సంగీతమూ అంతే. ఈ శాన్‌ఫ్రాన్సిస్కో బ్యాండు గురించి ఎవరు చెప్పినా "మెటల్, ఫంక్, ర్యాప్, అన్నీ కలిపేశారు" అంటారు. వాళ్లు కలపలేదని నా వాదన. ఒకదాని పక్కన ఒకటి పెట్టారు, అతుకు దాచకుండా పెట్టారు. కలిసిపోయాయనే వాదించే నెల్లూరు అన్న ఒకాయనతో ఈ సంగతి ఫోన్లో ఎంతకీ తెగలేదు. ఆఖరికి ఆయనే, "ఫోన్లో తేలేది కాదమ్మా ఇది. డిసెంబర్లో మా చేలోకి రా. దమ్ము చేస్తుంటారు, కొంగలు దిగుంటాయి. ఆల్బమ్ మొదట్నించి చివరిదాకా పెట్టుకుని ఇందాం" అన్నాడు.

ఒంగోల్లో పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. మా జిల్లాకూ నెల్లూరుకూ ఈశాన్య రుతుపవనాల్లో వానలు బాగా పడతాయి కాబట్టి డిసెంబరంటే ఇటువైపు నేలంతా తడిగా, పచ్చగా ఉంటుంది. సింగరాయకొండ దాటాక కిటికీలోంచి వచ్చే గాలిలో తడిమట్టి వాసన. కావలిలో మా డ్రమ్స్ తమ్ముడు ఎక్కాడు. ఇంజినీరింగ్ చదువుతూ ఆదివారాలు చర్చిలో, ముహూర్తాల రోజుల్లో పెళ్లి ఆర్కెస్ట్రాలో వాయిస్తాడు. ఫెయిత్ నో మోర్ దగ్గరికి వాడు వెనక నుంచి నడుచుకుంటూ వచ్చాడు. ముందు స్లిప్‌నాట్, కార్న్ అనే మెటల్ బ్యాండ్లను విన్నాడు. వాళ్లంతా ఎవర్ని విని ఇలా అయ్యారా అని వెతుక్కుంటూ పోతే ఈ బ్యాండు తగిలింది. స్లిప్‌నాట్ గాయకుడు కోరీ టేలర్ 1990 ఎంటీవీ అవార్డుల రాత్రి వీళ్లు వాయించింది టీవీలో చూసే మళ్లీ సంగీతంలో పడ్డానని చెప్పుకున్నాడు. కార్న్ వాళ్లకు 2000లో డ్రమ్మర్ చేతికి దెబ్బ తగిలితే ఆ సీట్లో కూర్చున్నది ఫెయిత్ నో మోర్ డ్రమ్మర్ మైక్ బోర్డినే.

"అక్కా, ఇది ఇను" అని వాడు కిటికీ కమ్మీ మీద వేళ్లతో ఏంజెల్ డస్ట్‌లోని ‘మిడ్‌లైఫ్ క్రైసిస్’ పాట మొదలుపెట్టాడు. ఎడం చేతి బొటనవేలు చెక్క మీద బాస్‌డ్రమ్, కుడిచేతి నాలుగు వేళ్లూ ఇనప కమ్మీ మీద టామ్‌లనే చిన్న డ్రమ్ములు. సామాన్యంగా రాక్ డ్రమ్మర్లు తాళాన్ని ఇత్తడి పళ్లెంలాంటి సింబల్ మీద నడిపిస్తారు. బోర్డిన్ టామ్‌ల మీద దొర్లిస్తాడు. "మా ఊళ్లో తప్పెట మాదిరి, అడుగునుంచి వస్తాది దెబ్బ" అన్నాడు తమ్ముడు. ఎదురు సీటులో పెద్దాయన కాసేపు విని, "ఇంకోసారి కొట్టబ్బయా" అన్నాడు. బిట్రగుంట వచ్చేదాకా కొట్టాడు.

పడుగుపాడు దాటగానే పెన్నా వంతెన. నది నిండుగా ఉంది. ఇసుక తిన్నెల అంచున తెల్లగా వరసలు తీరి కొంగలు. తలుపు దగ్గర నిలబడి చూశాం ఇద్దరం.

నెల్లూరు స్టేషన్‌కి అన్న కారేసుకుని వచ్చాడు. కారం దోశ తిన్నాం. మళ్లీ పెన్నా దాటి కోవూరు మీదుగా బుచ్చిరెడ్డిపాళెం దారి పట్టాం. అన్నది జొన్నవాడ వైపు పల్లె. కామాక్షితాయి గుడి దగ్గర దిగి దండం పెట్టుకుని, నది వైపు మెట్ల మీద కాసేపు కూర్చుని చేలోకి వెళ్లాం. దారిలో అంతా అన్న తన మొదటి పరిచయం చెప్పాడు. 1991 గల్ఫ్ యుద్ధం తర్వాత మన పట్టణాల్లో డిష్‌లు లేచాయి, కేబుల్ వచ్చింది, దాంతో ఎంటీవీ వచ్చింది. నెల్లూరులో వాళ్ల మేనమామ ఇంట్లో ఒక సాయంత్రం ఈ బ్యాండు ‘ఎపిక్’ పాట వీడియో చూశాడట. పాడేవాడు ముక్కుతో ర్యాప్ చేస్తున్నాడు, వెనక గిటారు పాత మెటల్ బ్యాండు బ్లాక్ సబ్బాత్ బరువుతో దిగుతోంది, కీబోర్డు మాత్రం పెద్ద సినిమాకి వాయించినట్టు పరుచుకుని ఉంది. చివర అన్నీ ఆగిపోయి ఒంటరిగా పియానో. ఆ పియానో నడుస్తుండగా నేలమీద ఒక చేప గిలగిలా కొట్టుకుంటూ ఉంటుంది. "మా అత్త టీవీ కట్టెయ్యమనింది. నేను కదల్లా" అన్నాడు. తర్వాత మద్రాసు పోయే ప్రతి మనిషినీ బతిమాలి, ఆ పాట ఉన్న ‘ద రియల్ థింగ్’ ఆల్బమ్ క్యాసెట్ తెప్పించుకున్నాడు. ఆ క్యాసెట్ ఇప్పటికీ ఉంది. రీలు తెగిన చోట గోళ్ల రంగుతో అతికించిన మరక కూడా చూపించాడు.

‘ద రియల్ థింగ్’ 1989లో వచ్చింది. అంతకు ముందటేడే గాయకుడు చక్ మోస్లీని తీసేసి, కాలిఫోర్నియాలోనే యురేకా అనే చిన్న ఊరి కుర్రాడు మైక్ పాటన్‌ని తెచ్చుకున్నారు. పాటలకు సంగీతం చాలావరకు సిద్ధంగా ఉంటే, వచ్చినవాడు కొద్ది రోజుల్లో మాటలు రాసి పాడేశాడు. 1990లో ‘ఎపిక్’ అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో 9వ స్థానం దాకా, ఆస్ట్రేలియాలో మొదటి స్థానానికి వెళ్లింది. అలాంటి విజయం వచ్చాక ఎవరైనా ఆ పాటనే ఇంకో నాలుగు రకాలుగా చేస్తారు. వీళ్లు ‘ఏంజెల్ డస్ట్’ చేశారు. నాకు ఈ బ్యాండు మీద గౌరవం అక్కడ మొదలవుతుంది.

చేలో ట్రాక్టర్ కేజీవీల్స్‌తో దమ్ము చేస్తోంది. దాని వెనకాల వందల కొంగలు. చక్రం లేపిన బురదలోంచి బయటపడే పురుగుల కోసం పొట్టి పశులకొంగలు చక్రాలకు జానెడు దూరంలో దూకుతున్నాయి. అవి మాకు కావలసినవి కావు. అట్ట మీదిది పెద్దకొంగ. దానికి పసుపు ముక్కు, నల్ల కాళ్లు, శరీరానికి పొంతన లేనంత పొడుగు మెడ. గుంపుతో తిరిగేది తక్కువ. అన్న పంటకాలవ వైపు చెయ్యి చూపించాడు. తూము దగ్గర మోకాలి లోతు నీళ్లలో ఒకటే నిలబడి ఉంది.

గట్టు మీద చతికిలబడి చూశాం. చాలాసేపు అది కదల్లేదు. మెడ మధ్యలో ఒక మడత ఉంటుంది, అక్కడ ఎముక గట్టిగా మెలిక తిరిగినట్టు కనిపిస్తుంది. ఆ మడత కొంచెం కొంచెంగా ముందుకు జరిగింది. తల కదలకుండా మెడ మాత్రం కదిలింది. ఉన్నట్టుండి నీళ్లు చిమ్మాయి, ముక్కులో అడ్డంగా వేలెడు పరిగె. చేప తోక కొట్టుకుంటూనే ఉంది. కొంగ తొందరపడలేదు. రెండుసార్లు పైకెగరేసి తలవైపుకు తిప్పుకుంది, నీళ్లలో ఒకసారి ముంచింది, మింగింది. సన్నటి తెల్ల మెడలోంచి ఆ ఉబ్బు కిందికి దిగడం మాకు స్పష్టంగా కనిపించింది. దిగాక మళ్లీ అదే నిలకడ, అదే అందం.

"అట్ట ముందువైపూ ఎనకవైపూ రెండూ చూశాం" అన్నాడు తమ్ముడు. నేనూ అన్నా మాట్లాడలేదు. మెడలోంచి చేప దిగుతున్నప్పుడు కూడా ఆ పక్షి అంతే అందంగా ఉంది. ఏంజెల్ డస్ట్ నాకు ఎందుకంత ఇష్టమో ఎవరైనా అడిగితే ఇక మీదట ఆ కాలవ దగ్గరికి తీసుకుపోతాను.

మధ్యాహ్నం వాళ్లమ్మగారు ముందురోజు చేసి ఉంచిన బొమ్మిడాయిల పులుసు వడ్డించారు, మామిడికాయ వేసి. పులుసు గురించి రాయడం మొదలుపెడితే ఇక్కడితో ఆగదు. అన్నం తింటుండగా వాళ్ల నాన్నగారు అడిగారు: "ఆ పాటలోళ్లు ఇప్పుడేం చేస్తుండారు?" గిటారు వాయించిన జిమ్ మార్టిన్ సంగతి చెప్పాం. 1993లో బ్యాండు నుంచి బయటికొచ్చాక ఆయన భారీ గుమ్మడికాయలు పండించడం మొదలుపెట్టాడు. ఒక్కో కాయ వందల కిలోలు తూగేది. పోటీలకు తీసుకెళ్లి బహుమతులు గెలిచాడు. నాన్నగారు తినడం ఆపి, ఒక తీగకి ఎన్ని కాయలుంచుతాడు, అడుగున గడ్డి పరుస్తాడా ఇసుక పరుస్తాడా అని వరసగా అడిగారు. తమ్ముడు ఫోన్లో మార్టిన్ కాయ పక్కన నిలబడ్డ ఫొటో తీసి చూపించాడు. ఆయన కళ్లజోడు పెట్టుకుని తొడిమె దగ్గర వేలితో పెద్దది చేసుకుని చూసి, "ఒక్క కాయనే ఉంచి మిగతాయి గిల్లేసుంటాడు. ఓపికున్న మనిషి" అన్నారు. ఆ మాట విన్నాక ఆయన గిటారు నాకు ఇంకోలా వినిపించింది. తక్కువ స్వరాలు, ఒక్కో దెబ్బకీ పూర్తి బరువు.

మూడింటికి కొట్టంలో స్పీకర్లు పెట్టాం. మొదట చక్ మోస్లీ పాడిన ‘వి కేర్ ఎ లాట్’ వేశాం. 1985 నాటి మొదటి ఆల్బమ్ పేరు కూడా అదే. మోస్లీ 2017 నవంబరులో చనిపోయాడు. శ్రుతి తప్పుతూ, అరుస్తూ, అయినా నీ భుజం మీద చెయ్యేసి మాట్లాడుతున్నట్టుండే గొంతు. పాటన్ గొప్పతనం చెప్పేటప్పుడు మోస్లీని తక్కువ చేసేవాళ్లంటే అన్నకి గిట్టదు. నాకూ గిట్టదు.

ఆ తర్వాత ఏంజెల్ డస్ట్, మధ్యలో ఆపకుండా. మొదటి పాట ‘ల్యాండ్ ఆఫ్ సన్‌షైన్’ మాటలు చైనీస్ హోటళ్లలో ఇచ్చే అదృష్టపు బిస్కెట్లలోని చీటీల నుంచీ, సైంటాలజీ అనే మత సంస్థ వాళ్ల వ్యక్తిత్వ పరీక్ష ప్రశ్నల నుంచీ ఏరుకున్నవి. నవ్వుతూ భరోసా ఇచ్చే ఆ మాటలే పాటన్ నోట బెదిరింపులా వినిపిస్తాయి. ‘ఆర్‌వీ’లో బద్ధకంగా సాగే పల్లెటూరి బాణీ మీద ఓడిపోయిన ఒక మనిషి తనలో తను గొణుక్కుంటాడు. పాటన్‌కి అప్పటికి పాతికేళ్లు కూడా లేవు, ఆ గొంతులో మాత్రం యాభై ఏళ్ల అలసట. ‘మాల్‌ప్రాక్టిస్’ వచ్చేసరికి అన్నవాళ్లమ్మగారు గుమ్మం దాకా వచ్చి, "ఎవరికేమైంది?" అని అడిగారు. నరాలు తెగేట్టుండే పాట అది. ఆ హోరు మధ్యలో ఉన్నట్టుండి రష్యన్ స్వరకర్త షోస్టకోవిచ్ నాలుగు తంత్రీ వాద్యాలకు రాసిన ఎనిమిదో స్ట్రింగ్ క్వార్టెట్ నుంచి తీసుకున్న ఒక తునక వినిపించి మాయమవుతుంది. అన్న అక్కడ పాట ఆపబోయి, మాట ఇచ్చాం కదా అని ఆపకుండా చెయ్యి మాత్రం లేపాడు. ‘ఇదిగో చూడు, కలిసిపోయింది’ అని ఆ చేతి అర్థం. నేను తల అడ్డంగా ఊపాను. అతికించిన చోటు అంత స్పష్టంగా ఉంటే కలిసిపోవడం ఏమిటి?

ఆఖర్న ‘మిడ్‌నైట్ కౌబాయ్’ సినిమా బాణీ. అంతసేపు అంత హింస పడ్డాక మాటల్లేకుండా, అకార్డియన్ మీద దిగులుగా సాగే బాణీతో ఆల్బమ్ ముగుస్తుంది.

అయిపోయాక వాదన మొదలైంది. తమ్ముడు మాత్రం ఇద్దరి మాటా ఒప్పుకోలేదు. "మీరిద్దరూ పైన చూస్తుండారు. పైన గొంతు మారతాది, గిటార్ మారతాది. కింద బోర్డిన్, బిల్లీ గౌల్డ్ మారరు. వాళ్లట్టా ఒక్క నేల పరిచిబెట్టబట్టే పైన ఏది దించినా నిలబడింది" అన్నాడు. నేను దాని గురించి ఆలోచించకుండా ఉండలేకపోయాను. బ్యాండు చరిత్రే అలా ఉంది. గాయకులు మారారు. మార్టిన్ తర్వాత ట్రే స్ప్రువాన్స్, మరొకరు, జాన్ హడ్సన్, ఇలా గిటారిస్టులు మారారు. డ్రమ్స్ మీద బోర్డిన్, బాస్ మీద గౌల్డ్, కీబోర్డు మీద రాడీ బాటమ్ తొలినాళ్ల నుంచీ అవే చోట్ల ఉన్నారు. అతుకు దాచుకోకుండా ఉండే ధైర్యం ఆ ముగ్గురి నుంచి వచ్చిందని ఇప్పుడు నమ్ముతున్నాను. అన్న మాత్రం నా వాదన సగం ఓడిందని లెక్కేసుకున్నాడు.

సాయంత్రం టీ తాగుతూ 1998లో బ్యాండు విడిపోవడం, 2009లో మళ్లీ కలవడం, 1997 తర్వాత 2015లో గానీ కొత్త ఆల్బమ్ ‘సోల్ ఇన్విక్టస్’ రాకపోవడం, అన్నీ మాట్లాడుకున్నాం. 2021లో పాటన్ మానసిక ఆరోగ్యం బాగాలేదని చెప్పి కచేరీలు రద్దు చేసుకున్న సంగతి వచ్చినప్పుడు అన్న, "పాడకపోయినా పర్లేదు. మనిషి బాగుంటే చాలు" అన్నాడు. మేమందరం అదే అనుకుంటున్నాం.

చీకటి పడ్డాక నెల్లూరులో మలైకాజాలు కట్టించుకుని ఒంగోలు బస్సెక్కాను. కావలి దాకా తమ్ముడు తోడున్నాడు. వచ్చేసారి 1995 నాటి ‘కింగ్ ఫర్ ఎ డే’ వినాలని తీర్మానం. ఈసారి ఒంగోల్లో, బాధ్యత నాది. కొత్తపట్నం సముద్రం ఒడ్డున పెడదామన్నాను. గాలికి బాస్ అంతా కొట్టుకుపోతుంది, నాలుగు గోడలున్న చోటు చూడమన్నాడు తమ్ముడు. పొగాకు ఆరబెట్టే బ్యారన్ గది మా బంధువులది ఒకటి ఖాళీగా ఉంది, రేపు వెళ్లి అడగాలి.