ట్రాన్స్‌పోజ్ బటన్ నా కొంప ముంచింది: గ్రేడ్ 5 థియరీ, రెండో అటెంప్ట్

చర్చిలో క్వయర్ నడుపుతూ ఏబీఆర్‌ఎస్‌ఎం (లండన్ సంగీత పరీక్షల బోర్డు) గ్రేడ్ 5 మ్యూజిక్ థియరీకి చదువుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మొదటిసారి నాకు 75కి 46 వచ్చాయి. పాస్ మార్కు 50. తొమ్మిదేళ్లుగా క్వయర్ మాస్టర్‌ని. మా బేస్ పార్టులో పాడే ఇంటర్ కుర్రాడు పాసయ్యాడు, నేను తప్పాను. గాత్రంలో గ్రేడ్ 6 ప్రాక్టికల్‌కి వెళ్లాలంటే ఇదిగానీ దీనికి సరిసమానమైనదిగానీ ఉండాలి కాబట్టి వదిలేయడానికీ లేదు.

మార్కులు ఎక్కడ పోయాయో తీరిగ్గా చూసుకుంటే తప్పులు ఎక్కువగా ట్రాన్స్‌పోజిషన్‌లోనే, అంటే పాటని ఒక శ్రుతి నుంచి ఇంకో శ్రుతికి మార్చి రాయడంలోనే కనిపించాయి. పాట ఎత్తుగా ఉందని సొప్రానోలు గొణగగానే కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ బటన్ రెండుసార్లు నొక్కేయడమే ఇన్నేళ్లూ నాకు తెలిసిన విద్య. పరీక్షలో ఆ బటన్ లేదు. బి ఫ్లాట్, ఎ, ఎఫ్ వాయిద్యాలకు స్వరం పైకి జరపాలా కిందికా అని ప్రతిసారీ తికమక పడ్డాను. తర్వాత ఒక్క మాట పట్టుకున్నాను: ఆ వాయిద్యం తన కాగితం మీది ‘సి’ వాయిస్తే మనకు వినిపించేది దాని పేరే. బి ఫ్లాట్ క్లారినెట్ సి వాయిస్తే బి ఫ్లాట్ వినిపిస్తుంది, అంటే మేజర్ సెకండ్ (రెండు అర్ధస్వరాల దూరం) కిందికి. ఎ క్లారినెట్ మైనర్ థర్డ్ (మూడు), ఎఫ్ హార్న్ పర్ఫెక్ట్ ఫిఫ్త్ (ఏడు) కిందికి. రెండో అటెంప్ట్‌కి ముందు మూడు నెలలు కీబోర్డు బటన్ మీద ప్లాస్టర్ అంటించి, ప్రతి శనివారం ప్రాక్టీసుకి కీ మార్చి చేత్తోనే రాసుకెళ్లాను. క్వయర్‌లో అందరూ నవ్వారు. పోనీలెండి.

టెనర్ క్లెఫ్ (ఏ గీత ఏ స్వరమో చెప్పే గుర్తుల్లో ఒకటి) చూసి నాకు కోపం వచ్చేది. మన టెనర్లెవరూ దాన్ని చదవరు, అది చెల్లో, బసూన్, ట్రాంబోన్ వాళ్లది. నాలుగో గీత మీద మిడిల్ సి. బేస్ క్లెఫ్‌లో చదివి ఒక ఫిఫ్త్ పైకి అనుకుంటే చాలు, దాని గురించి ఇంతకంటే బుర్ర పాడుచేసుకోకండి.

ఇంటర్వెల్స్‌కి, అంటే రెండు స్వరాల మధ్య దూరాలకి, పుస్తకం కన్నా ట్యూనింగ్ ఫోర్క్ ఎక్కువ పనిచేసింది. ఫోర్క్ కొడితే ఎ. పాట ఎఫ్ మేజర్‌లో ఉంటే అక్కణ్ణుంచి మేజర్ థర్డ్ దిగి ఎఫ్ పట్టుకోవాలి, దాని మీంచి నాలుగు పార్టులకీ మొదటి స్వరాలు నోటితోనే ఇవ్వాలి. మొదటి వారం ఆల్టోలకి తప్పు స్వరం ఇచ్చాను, పాట రెండో లైనులోనే కూలబడింది. నెల తిరిగేసరికి కాగితం మీద ఇంటర్వెల్ కనిపిస్తే చెవిలో మోగడం మొదలైంది.

మనకు కలిసొచ్చేవీ ఉన్నాయి. 7/8 చూసి బెదిరిపోయే వాళ్లున్నారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో మిశ్రచాపు పాడినవాళ్లకు భయమెందుకు? తకిట తకధిమి, 3+2+2, క్వేవర్లను (7/8లో లెక్కపెట్టే ఆ ఏడు చిన్న స్వరాలను) అలాగే గుంపు కట్టండి. 5/8 అంటే ఖండచాపు. శంకరాభరణం మేజర్ స్కేలు, కీరవాణి హార్మోనిక్ మైనర్. కానీ ఒక జాగ్రత్త. మన షడ్జమం ఏ శ్రుతికైనా జరుగుతుంది, స్టాఫ్ (స్వరాలు రాసే ఐదు గీతలు) మీద స్వరం జరగదు. ఆరు షార్పులు, ఆరు ఫ్లాట్ల దాకా కీ సిగ్నేచర్లు బట్టీ కొట్టాల్సిందే.

కేడెన్స్ కార్డులు (పాటలో ఒక వాక్యాన్ని ముగించే స్వరగుచ్ఛాలు) గుర్తుపట్టడం రాకపోతే పాట చివర ‘ఆమెన్’ వినండి. ఆ రెండు కార్డులు స్కేల్లో నాలుగో స్వరం మీదిది, ఒకటో స్వరం మీదిది. అదే ప్లేగల్. ఐదు నుంచి ఒకటికి వస్తే పర్ఫెక్ట్, ఐదు మీదే ఆగితే ఇంపర్ఫెక్ట్.

పరీక్ష ఇంట్లోనే కంప్యూటర్‌లో, కెమెరా ముందు. నాకు ప్రశ్నల కన్నా కరెంటు టెన్షనే ఎక్కువైంది. ఛార్జింగ్ నిండుగా ఉన్న ల్యాప్‌టాప్ పెట్టుకోండి, ఇంట్లో వాళ్లకి కుక్కర్ పెట్టొద్దని ముందే చెప్పండి.

ఈసారి 63 వచ్చాయి, మెరిట్. చేతులతో తాళం చూపించడం, ఊపిరి ఎక్కడ తీయించాలి, చివరి స్వరం అందరితో ఒకేసారి ఎలా ఆపించాలి, ఇవేవీ ఈ పరీక్షలో అడగరు. వాటికి నాకు ఇప్పటికీ అద్దం ముందు నిలబడటమే గతి. ప్లాస్టర్ మాత్రం బటన్ మీద అలాగే ఉంది.