మెలకువగా ఉండగానే కోశారు

గడ్డ చేతికి తగిలాక నాలుగు నెలలు ఎవరికీ చెప్పలేదు. ఎడమ రొమ్ములో, ఎండు వక్కంత. నొప్పి లేదు కదా అని ఊరుకున్నాను. నొప్పి లేని గట్టి గడ్డనే అనుమానించాలట. 78 ఏళ్లు వచ్చినా ఆ మాత్రం తెలియలేదు. తలంటు పోస్తూ కోడలు పసిగట్టి, మరునాడే అమలాపురం నుంచి యానాం వంతెన మీదుగా కాకినాడ తీసుకుపోయింది.

క్యాన్సరన్నారు. నాకు దానికన్నా మత్తంటేనే భయం. నా గుండె పంపింగు 35 శాతమే. ఆపరేషన్ మానేసి మాత్రలతో నెట్టుకొద్దామని కూడా ఇంట్లో అనుకున్నారు. అలా కొన్నేళ్లు అదుపులో ఉండవచ్చు గానీ గడ్డ పోతుందన్న భరోసా లేదట. సర్జను స్కాను చూసి, “రెండు సెంటీమీటర్లు కూడా లేదు, చంకలో ఏమీ కనబడలేదు. ఆ చోటు వరకే మొద్దుబార్చి తీసేద్దాం మామ్మగారూ” అన్నారు.

మొహానికి అడ్డంగా ఆకుపచ్చ గుడ్డ కట్టారు. మొదటి సూదులు కందిరీగ కుట్టినట్టే మండాయి. మొద్దుబార్చే మందు లిగ్నోకైన్ ఎక్కేటప్పుడు అంతేనట. ఆ తర్వాత లాగుతున్నట్టు తెలిసింది, నొప్పి తెలియలేదు. ఒకచోట చురుక్కుమంటే చెప్పాను, ఇంకాస్త మందు ఎక్కించారు. కమురు వాసన సంగతి మాత్రం ముందుగా ఎవరూ చెప్పలేదు. రక్తం ఆగడానికి కరెంటుతో మాడుస్తారట.

నర్సమ్మ ఎవరితోనో, తను చేసిన పనసపొట్టు కూర చేదెక్కిందని చెబుతోంది. నేను ఊరుకోలేకపోయాను. “ఆవముద్ద పొయ్యి మీద ఉండగానే కలిపి ఉంటావమ్మా. దించి, చల్లారాక కలపాలి” అన్నాను గుడ్డ వెనక నుంచి.

“మామ్మగారూ, నవ్వించకండి, నా చేతిలో కత్తి ఉంది” అన్నారు సర్జను.

సాయంత్రానికి ఇడ్లీ తిన్నాను. గడ్డ అంచుల్లో క్యాన్సర్ లేదని, అది హార్మోన్‌తో పెరిగే రకమని రిపోర్టు వచ్చింది. ఆ హార్మోన్‌ను తగ్గించడానికి రోజూ లెట్రోజోల్ మాత్ర, ఐదేళ్లు. ఈ వయసులో ఇలాంటి చిన్న గడ్డకు రేడియేషన్ మానేసినా ఆయుష్షుకు లోటుండదని, అదే రొమ్ములో తిరగబెట్టే అవకాశం మాత్రం కాస్త పెరుగుతుందని దాచకుండా చెప్పారు. వద్దన్నాను. మాత్ర మొదలయ్యాక పొద్దున్నే కీళ్లు పట్టేస్తున్నాయి, ఎముకలకని కాల్షియం బిళ్ల తోడైంది.

రవికె ఎడమ పక్క కాస్త వదులైంది. దర్జీకి ఏమని చెప్పను? నేనే లోపల ఒక కుట్టు వేసుకున్నాను.