పసుపు రాసుకుంటూ శ్రీవారి మెట్టు

తిరుమలకు నడిచి వెళ్లడమంటే బయటివాళ్లకు అలిపిరే గుర్తొస్తుంది. మా చంద్రగిరి పక్క పల్లెలవాళ్లకు మాత్రం శ్రీవారి మెట్టే సొంత దారి. దూరం రెండు కిలోమీటర్ల పైచిలుకు, మెట్లు 2,388. అలిపిరిలో గాలి గోపురం దాటితే చాలాదూరం చదునుగా నడవచ్చు. ఇక్కడ అలాంటి ఊరట తక్కువ. కింద మొదలుపెట్టింది మొదలు ఎక్కుడే.

కార్తీకంలో పెద్దమ్మకు తోడుగా వెళ్లాను. ఆమెకు మెట్ల పూజ మొక్కుంది. ప్రతి మెట్టుకూ వంగి, పసుపు రాసి, కుంకుమ పెట్టాలి.

తెల్లవారుజామునే ఆటోలో శ్రీనివాస మంగాపురం చేరి కల్యాణ వేంకటేశ్వరుణ్ణి చూసుకున్నాం. పెళ్లయిన కొత్తలో ఆరు నెలలు కొండ ఎక్కకూడదని అగస్త్యుడు చెబితే, స్వామి పద్మావతమ్మతో ఇక్కడే ఉండిపోయి, ఆ తర్వాత ఈ మెట్ల దారినే పైకి పోయాడని కథ. అందుకే గుళ్లో ఎప్పుడు చూసినా కొత్త జంటలుంటాయి. చంద్రగిరి కోటలో విడిది చేసిన విజయనగర రాజులూ ఇటే ఎక్కేవారని మా పెద్దవాళ్లు చెబుతారు. శ్రీకృష్ణదేవరాయలు 1513 నుంచి 1521 లోపు ఏడుసార్లు తిరుమలకు వచ్చాడు. ఆయన నడిచిన కొండనే మనమూ నడుస్తున్నామంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

కింద కౌంటర్లో బ్యాగు ఇచ్చేశాం, అది పైకి వచ్చేస్తుంది. పెద్దమ్మ చేతిలో చిన్న స్టీలు గిన్నె, అందులో నీళ్లతో కలిపిన పసుపు. మూడు వేళ్లు ముంచి మెట్టు అంచున ఒక్క పూత పూస్తుంది. ఉంగరం వేలితో కుంకుమ బొట్టు పెట్టి, కళ్లకద్దుకుని, పై మెట్టుకు వంగుతుంది. నడిచేవాళ్ల కాలు జారకుండా ఓ పక్కకే రాస్తుంది. ఆ పూత కింద, అంతకుముందు ఎవరో రాసిన పసుపు ఎండి గీతలుగా ఉంది. దాని కింద ఇంకా పాతది. ఎన్ని ఇళ్ల మొక్కులో అవన్నీ.

రెండు, మూడు వందల మెట్లకే నా పిక్కలు పట్టేశాయి. వంగి లేస్తున్న ఆమె మాత్రం ఆయాసపడకుండా, "నిదానంగా రా మే, కొండ యాడికీ పోదు" అంది. కాలేజీ పిల్లలు గోవిందా అంటూ పక్కనుంచి దూసుకుపోయారు. అలవాటున్నవాళ్లు గంటన్నరలో ఎక్కేస్తారు. మాకు మధ్యాహ్నం దాటింది. ఈ దారికి పెద్దమ్మ వేగమే సరైందని నా గట్టి నమ్మకం. ఆగి ఆగి నడిస్తేనే కొండ మారడం కనిపిస్తుంది. శేషాచలంలో అడుగున గ్రానైట్, దాని మీద పొరలు పొరలుగా గట్టిపడ్డ ఇసుకరాయి, ఎర్రటి క్వార్ట్‌జైట్. ఆ రెండు రాళ్ల వయసుల మధ్య కోట్ల ఏళ్ల ఎడం ఉంది. వాలులో ఎర్రచందనం చెట్లు. ఈ చెట్టు సహజంగా పెరిగేది ప్రపంచంలో ఈ తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. దాన్ని కొట్టుకుపోయేవాళ్లను తలచుకుంటే కడుపు మండుతుంది.

ఈ దారికీ కష్టాలు వచ్చాయి. 2021 నవంబరు వానలకు వరద ముంచెత్తి, బండలు దొర్లి, మెట్లు దెబ్బతిన్నాయి. బాగుచేసి 2022 మేలో తెరిచారు. ఆ నెలలన్నీ మా ఊళ్లో ముసలివాళ్లు "మెట్టు ఎప్పుడు తెరుస్తారంట?" అని అడుగుతూనే ఉండేవాళ్లు.

నీడలో కూర్చుని బొరుగులు, చెనిక్కాయలు, బెల్లం తిన్నాం. కోతులు చూడకుండా కొంగు చాటున తినాల్సిందే.

పైన ఇంకా చాలా మెట్లుండగానే కుంకుమ అయిపోయింది. పెద్దమ్మ మొహం చిన్నబోయింది. వెనకాలే పసుపు చీరలో మెట్ల పూజ చేస్తూ వస్తున్న ఒకామె చూసింది. వేలూరు నుంచి వచ్చిందట, తమిళ నెల పెరటాసి శనివారాల్లో రాలేక ఇప్పుడు వచ్చానని అరవం కలిపి చెప్పింది. అడగకముందే తన కుంకుమ పొట్లం విప్పి సగం పెద్దమ్మ కుంకుమ భరిణెలో పోసింది. మిగతా మెట్లు ఇద్దరూ పంచుకున్నారు, ఆమె పసుపు, పెద్దమ్మ కుంకుమ. అలా పంచుకుంటే మొక్కు చెల్లుతుందా అని నాకు లోపల టెన్షన్. "ఎందుకు చెల్లదు మే? మెట్టుకు పసుపూ పడె, కుంకుమా పడె" అంది పెద్దమ్మ.

పైకి చేరి, దర్శనం చేసుకుని, ముగ్గురం తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనంలో పక్కపక్కనే కూర్చున్నాం. తరిగొండ వాయల్పాడు దగ్గరి ఊరు. శ్రీవారి భక్త కవయిత్రి వెంగమాంబ మా సీమ మనిషే అని పెద్దమ్మ వేలూరు ఆమెకు మహా గర్వంగా చెప్పింది. గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా ఈ నిట్రం, అంటే నిటారు ఎక్కుడు, ఎక్కొద్దు. దిగేటప్పుడు మోకాళ్లమీద ఇంకా బరువు పడుతుంది కాబట్టి మేమూ కిందికి ఆర్టీసీ బస్సే ఎక్కాం.